పెద్దవాళ్లను చూసుకునే మనుషులకు శిక్షణ: ఏం నేర్పాలి, ఎలా పరీక్షించాలి

ఇంట్లో మంచాన పడ్డ పెద్దావిడను చూసుకోవడానికి మనిషి కావాలని ఏజెన్సీకి ఫోన్ చేస్తే, ఒకటి రెండు రోజుల్లో ఎవరో ఒకరు బ్యాగు పట్టుకుని వస్తారు. ఆ వచ్చిన మనిషికి ఏం వచ్చో, ఏం రాదో చాలాసార్లు పంపినవాళ్లకే సరిగ్గా తెలియదు. చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. కానీ అది ఇచ్చేముందు, ఒక మనిషిని మంచం మీంచి వీల్‌చైర్‌లోకి దింపించి చూసిన వాళ్లెవరూ ఉండరు.

ఈ గైడు వృద్ధాశ్రమాలు, హోమ్ కేర్ ఏజెన్సీలు నడిపేవాళ్లకూ, అక్కడ కొత్తవాళ్లకు పని నేర్పే నర్సులకూ. ఇందులో ఉన్నదంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది: కళ్లెదుట చేసి చూపించిన పనే వచ్చినట్టు లెక్క. క్లాసులో కూర్చున్నారనో, ప్రశ్నాపత్రంలో 80 మార్కులు తెచ్చుకున్నారనో ఎవరినీ ఒక ఇంటికి పంపకండి.

ముందు హద్దులు గీయండి

శిక్షణ మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద మూడు గడులు గీసి, పనులన్నీ వాటిలో పంచండి. మొదటి గడిలో కేర్‌టేకర్ సొంతంగా చేయగల పనులు: ఒళ్లు తుడవడం, నోరు శుభ్రం చేయడం, పక్క తిప్పడం, నడిపించడం, గుటక బాగున్నవాళ్లకు తినిపించడం, బీపీ, జ్వరం చూసి రాయడం, యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం.

రెండో గడిలో, ఫలానా పేషెంట్ విషయంలో నర్సు వచ్చి చేసి చూపించి, వీళ్లచేత చేయించి చూసిన తర్వాతే చేయాల్సినవి: ముక్కు ట్యూబు ద్వారా ఆహారం, గ్లూకోమీటర్, నెబ్యులైజర్, ఆక్సిజన్ మిషను, మాటిమాటికీ పొలమారే వాళ్లకు తినిపించడం. ఒక పేషెంట్ దగ్గర నేర్చుకున్నది ఇంకో పేషెంట్‌కు చెల్లదు.

మూడో గడిలో ఎప్పుడూ చేయకూడనివి: ట్యూబులు, ఒంటేలు కోసం పెట్టే కాథెటర్లు వేయడం, సెలైన్ పెట్టడం, ఇన్సులిన్ మోతాదు మార్చడం, మందు ఆపడం లేదా కొత్తది ఇవ్వడం, లోతైన పుండుకు కట్టు కట్టడం. ఏటీఎం కార్డు పట్టుకెళ్లి డబ్బు తేవడం, ఆస్తి కాగితాల మీద సాక్షి సంతకం పెట్టడం కూడా ఈ గడిలోకే వస్తాయి.

ఈ హద్దు తెగేది ఎక్కువగా ఇంటివాళ్ల ఒత్తిడి వల్లే. ‘హాస్పిటల్లో పనిచేశావు కదమ్మా, ఈ ఇంజెక్షన్ నువ్వే చేసెయ్యి’ అంటారు. కొత్త మనిషి మొహమాటానికి ఒప్పుకుంటుంది. అందుకే మొదటి రోజే ఒక వాక్యం బట్టీ పట్టించండి: ‘అది నర్సు చేసే పని అండీ, నేను ఇప్పుడే ఫోన్ చేసి పిలిపిస్తాను.’ ఒక్కొక్కళ్ల చేత నిలబెట్టి గట్టిగా చెప్పించండి. నోటికి అలవాటు కాని మాట ఇంటి యజమాని ఎదురుగా బయటికి రాదు.

గంటలు, బ్యాచ్, సామాను

అమెరికాలో నర్సింగ్ హోముల్లో పనిచేసే సహాయకులకు 1987 నాటి ఫెడరల్ చట్టం, దాని నిబంధనలు కనీసం 75 గంటల శిక్షణ పెట్టాయి. అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతిపని. ఆ తర్వాత ఏటా 12 గంటల రిఫ్రెషర్. అది అడుగు గీత మాత్రమే. అక్కడ ఆ సహాయకురాలు నర్సులున్న భవనంలో పనిచేస్తుంది, మన కేర్‌టేకర్ అపార్ట్‌మెంట్ ఫ్లాటులో ఒంటరిగా ఉంటుంది. కాబట్టి మన అవసరం ఇంకా పెద్దది. 120 గంటలు పెట్టుకుని, అందులో 80 గంటలు చేతిపనికి కేటాయించండి. మన దేశంలో హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి కోర్సులకు ప్రమాణాలు రాసింది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కింద ఉన్న జాతీయ సామాజిక రక్షణ సంస్థ కూడా వృద్ధ సంరక్షణలో కోర్సులు నడుపుతుంది. వీటిలో చదివి వచ్చినవాళ్లు దొరికితే తప్పకుండా తీసుకోండి, కానీ మీ పరీక్ష మీరు పెట్టాల్సిందే.

బ్యాచ్‌కు 12 మందికి మించొద్దు. చేతిపని రోజుల్లో ఆరుగురికి ఒక శిక్షకురాలు ఉండాలి. పాఠం తెలుగులోనే సాగాలి. ఏడో తరగతి, పదో తరగతి చదివిన అమ్మాయిలకు ఇంగ్లిష్ స్లైడ్లు చూపిస్తే తలూపుతారు తప్ప ఏమీ ఎక్కదు. ఇంగ్లిష్‌లో వాళ్లకు నిజంగా కావలసింది తక్కువే: మాత్రల స్ట్రిప్ మీద పేరు, మిల్లీగ్రాముల అంకె, గడువు తేదీ, మాత్ర నెమ్మదిగా కరిగే రకమని చెప్పే ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అనే అక్షరాలు. ఖాళీ స్ట్రిప్పులు ఒక సంచి నిండా పోగుచేసి, వాటితోనే చదివించండి.

సామానుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. తల భాగం లేచే మంచం ఒకటి, బ్రేకులు సరిగ్గా పడే వీల్‌చైర్ ఒకటి, వాకర్, కమోడ్ కుర్చీ, నడుముకు కట్టే బెల్టు, అడ్డంగా వేసే దుప్పట్లు రెండు, దిండ్లు ఆరు, రెండు మూడు సైజుల పట్టీలతో బీపీ మిషను, థర్మామీటరు, గ్లూకోమీటరు, ఒక లీటరు కొలత జగ్గు, టీస్పూన్లు. ప్లాస్టిక్ బొమ్మ కొనకండి. శిక్షణకు వచ్చినవాళ్లలోనే ఒకరు పేషెంట్‌గా పడుకోవాలి. పక్క తిప్పేటప్పుడు చెయ్యి పట్టి లాగితే భుజం ఎలా నొప్పెడుతుందో, పడుకోబెట్టి నీళ్లు పోస్తే ఎంత భయమేస్తుందో ఒక్కసారి అనుభవిస్తే మళ్లీ చెప్పక్కర్లేదు.

పక్క తిప్పడం

పడక పుండు ఎందుకు వస్తుందో ముందు అర్థం కావాలి. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన మాంసానికి రక్తం అందదు. దానికి తోడు తడి, రాపిడి. నడుం కింద ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం: రోజుకు రెండుసార్లు ఈ చోట్లన్నీ వెలుతురులో చూడాలి. ఎర్రబడిందా లేదా అని చూడమని పుస్తకాల్లో ఉంటుంది. మన ఒంటి రంగు మీద ఆ ఎరుపు చాలాసార్లు కనపడదు. కాబట్టి చేతితో చూడటం నేర్పండి. వేలితో కొన్ని క్షణాలు నొక్కి వదిలితే రంగు పాలిపోయి తిరిగి రావాలి. మారకపోతే పుండు మొదలైనట్టే. రంగు తెలియనప్పుడు పక్కన ఉన్న చర్మంతో పోల్చాలి: అక్కడ వెచ్చగా ఉందా, గట్టిపడిందా, లేక మెత్తగా దిగబడుతోందా, ముట్టుకుంటే మూలుగుతున్నారా.

తిప్పే పద్ధతి ఇది. ముందు ఏం చేయబోతున్నారో పేషెంట్‌కు చెప్పాలి, మాట్లాడలేని వాళ్లకైనా సరే. ఇద్దరుంటే అడ్డదుప్పటి రెండు అంచులూ చుట్టి పట్టుకుని, ఎత్తి జరపాలి. ఈడ్చకూడదు. ఈడిస్తే పైచర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఆగుతుంది, లోపలి మాంసం మాత్రం జరుగుతుంది. పైకి ఏమీ కనపడకుండా లోపల చీరుకుపోయేది అక్కడే. తర్వాత పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీలు మాత్రమే వాల్చాలి. భుజం నుంచి పిర్ర దాకా వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, పిక్కల కింద ఒకటి. అయ్యాక రెండు తనిఖీలు: నడుం కింది ఎముక దగ్గర అరచెయ్యి దూర్చితే ఆ ఎముక పరుపుకు ఆనకుండా ఉండాలి, మడమల కింద నుంచి చెయ్యి అడ్డం లేకుండా పోవాలి. ఈ రెండూ చూడకపోతే తిప్పినట్టు కాదు.

మామూలు పరుపు మీద 2 గంటలకోసారి తిప్పాలి. మంచి ఫోమ్ పరుపు ఉంటే, చర్మం చూసి నర్సు ఆ వ్యవధిని 4 గంటల వరకు పెంచవచ్చు. ఆ నిర్ణయం కేర్‌టేకర్‌ది కాదు. భోజనం వేళ, ఆ తర్వాతి అరగంట తప్ప మంచం తల భాగం 30 డిగ్రీలు దాటకూడదు, దాటితే మనిషి కిందికి జారుతూ నడుం దగ్గర రాపిడి పెరుగుతుంది.

గాలి పరుపు ఉంది కదా అని తిప్పడం మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. గాలి పరుపు సాయమే తప్ప పక్క తిప్పడానికి బదులు కాదు. పైగా దాన్ని తప్పుగా వాడతారు: పైన రబ్బరు షీటు, దాని మీద మడతపెట్టిన రెండు దుప్పట్లు వేసేసరికి దాని పని పోతుంది. ఒక్క పల్చటి దుప్పటి చాలు. పంపు మీద పేషెంట్ బరువుకు తగ్గట్టు గాలి పెట్టారో లేదో చూడాలి. పరుపు కిందుగా, తుంటి సూటిగా అరచెయ్యి వెల్లకిలా దూర్చితే, చేతికీ ఎముకకూ మధ్య కనీసం అంగుళం మందం గాలి తగలాలి. ఎముక చేతికి తగిలిందంటే పరుపు దిగిపోయింది. కరెంటు పోయిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి.

పాత అలవాట్లు మూడు మాన్పించాలి. ఎముక మీద చర్మం కమిలిన చోట రుద్దడం, స్పిరిట్ రాసి పౌడరు చల్లడం, నడుం కింద రింగు దిండు పెట్టడం. రుద్దితే నలిగిన మాంసం ఇంకా చితుకుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుంది. రింగు దిండు చుట్టూ ఒత్తిడి పెట్టి, మధ్యలో ఉన్న చోటికి రక్తం అందకుండా చేస్తుంది. వీటిని ప్రేమతో చేస్తుంటారు కాబట్టి, కారణం చెప్పకుండా వద్దంటే వినరు.

తినిపించడం

పొలమారడం చిన్న విషయం కాదు. మెతుకు, నీటిబొట్టు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు, పక్షవాతం వచ్చినవాళ్లలో, బాగా మతిమరుపు ఉన్నవాళ్లలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. నేర్పాల్సిన వరుస ఇలా ఉండాలి.

మనిషిని నిటారుగా, వీలైనంత 90 డిగ్రీలకు దగ్గరగా కూర్చోబెట్టాలి. వాలితే దిండ్లతో నిలపాలి. పూర్తిగా మెలకువగా ఉన్నారా? నిద్రమత్తులో ఉంటే అప్పుడు తినిపించొద్దు. కట్టుడు పళ్లు పెట్టారా? నోట్లో పాత మెతుకు ఏమైనా ఉందా? తినిపించేవాళ్లు ఎదురుగా, పేషెంట్ కళ్ల ఎత్తులో కూర్చోవాలి. నిలబడి పెడితే మనిషి తల పైకెత్తి చూస్తారు, తల పైకెత్తినప్పుడే ఆహారం ఊపిరి దారిలోకి జారే అవకాశం ఎక్కువ. గడ్డం కొద్దిగా కిందికి వంచి ఉండాలి. ఒక్కోసారి అర టీస్పూన్ నుంచి ఒక టీస్పూన్. గొంతు ముడి పైకి లేచి దిగిందో లేదో కళ్లతో చూశాకే తర్వాతి చెంచా. అయిపోయాక బుగ్గల మూలల్లో వెతకాలి, పక్షవాతం ఉన్న వైపు ముద్ద దాక్కుని ఉంటుంది. తిన్నాక 30 నిమిషాలు కూర్చోబెట్టే ఉంచాలి.

దగ్గు వస్తే అందరికీ తెలుస్తుంది. దగ్గు రాకుండానే పొలమారడం కూడా ఉంటుంది, అదే ఎక్కువ ప్రమాదం. గుటక వేశాక గొంతు తడిగా, గురగురలాడుతూ ఉండటం, కళ్లలో నీళ్లు, తింటూ ఆయాసం, భోజనం అయిన కాసేపటికి జ్వరం: ఇవి కనపడితే ఆపేసి ఫోన్ చేయాలి. ‘ఒక్కసారి ఆ అనండి’ అని గొంతు వినడం అలవాటు చేయించండి.

మన భోజనం విషయంలో ఒక మాట. జావ కన్నా నీళ్లు తేలిక అనుకుంటారు, గుటక దెబ్బతిన్నవాళ్లకు జరిగేది దానికి విరుద్ధం. పల్చటి నీళ్లు, టీ, మజ్జిగ నోట్లో పడీపడగానే జారిపోతాయి. అన్నిటికంటే కష్టం ద్రవం, ముద్ద కలిసి ఉన్నవి: చారన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, విడివిడి మెతుకులతో నీళ్లోడే పెరుగన్నం. మెతుకు నములుతుండగానే చారు గొంతులోకి దిగిపోతుంది. అంతా ఒకే చిక్కదనంలో ఉండేలా మెత్తగా మెదపాలి. ఎంత చిక్కగా ఉండాలో స్పీచ్ థెరపిస్టు లేదా డాక్టరు చెప్పాలి. జీవితమంతా చేత్తో కలుపుకుని తిన్న మనిషి చెంచాకు నోరు తెరవకపోతే, మొండితనం అనుకోకండి. చెయ్యి కడిగించి, ముద్ద వాళ్ల వేళ్లకే అందించి, ఆ చేతిని మీ చేత్తో నోటి దాకా తీసుకెళ్లండి. చాలామంది తింటారు.

ముక్కు ట్యూబు ఉన్నవాళ్లకు: తల భాగం 30 నుంచి 45 డిగ్రీలు, ముక్కు దగ్గర ట్యూబు మీద వేసిన గుర్తు అక్కడే ఉందో లేదో చూడటం, ముందు 30 మిల్లీలీటర్ల నీళ్లు, ఆహారం సిరంజిలోంచి దానంతట అదే దిగడం, చివర మళ్లీ 30 మిల్లీలీటర్లు. పిస్టన్‌తో నెట్టకూడదు. డాక్టరు నీళ్లకు పరిమితి పెట్టి ఉంటే ఈ నీళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. గుర్తు జరిగితే, ట్యూబు ఊడితే ఏమీ పోయొద్దు, మళ్లీ లోపలికి తొయ్యొద్దు, నర్సుకు ఫోన్ చేయాలి.

రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయడం, ట్యూబు ఉన్నవాళ్లకు కూడా, శిక్షణలో అందరూ దాటవేసే భాగం. నోటిలోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి పోయేది. కట్టుడు పళ్లు రాత్రి తీసి మామూలు నీళ్లలో ఉంచాలి, వేడినీళ్లలో వేస్తే వంకర పోతాయి.

‘నిన్నటిలా లేరు’

ఒక కేర్‌టేకర్ డాక్టరుకు ఇవ్వగల అతి విలువైన సమాచారం ఈ రెండు మాటలే. వయసు పైబడినవాళ్లలో జబ్బు పుస్తకంలో రాసినట్టు రాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మంట అని చెప్పకపోవచ్చు, న్యుమోనియా ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ముందు కనపడేది అయోమయం. నిన్నటి దాకా మనవడి పేరు చెప్పిన మనిషి ఈ రోజు పొంతన లేకుండా మాట్లాడటం, గాల్లో ఏదో పట్టుకోబోవడం, పగలంతా మత్తుగా పడి ఉండటం. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వచ్చిన మార్పు, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండే మార్పు మతిమరుపు జబ్బు కాదు. దాన్ని డెలీరియం అంటారు, అది అత్యవసరం. మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది. ఈ తేడా ఒక్కటి గట్టిగా నాటుకుంటే మీ శిక్షణ సగం ఫలించినట్టే.

అరిచేవాళ్లను అందరూ గుర్తిస్తారు. మౌనంగా, మత్తుగా మారినవాళ్లను ‘ఈ రోజు ప్రశాంతంగా ఉన్నారు’ అని రాసేస్తారు. ఆ మౌనమే ఎక్కువగా తప్పిపోతుంది.

అలాంటి రోజు ముందుగా ఫోన్ చేయాలి, చేస్తూనే ఇవి చూడాలి: షుగరు ఎంత, జ్వరం, బీపీ, ఎన్నిసార్లు ఒంటేలు పోశారు, పొత్తికడుపు ఉబ్బిందా, విరేచనం అయి ఎన్ని రోజులు, ఈ వారం కొత్త మాత్ర ఏమైనా మొదలైందా, నీళ్లు ఎంత తాగారు, ఎక్కడైనా నొప్పా, కళ్లజోడు, వినికిడి మిషను పెట్టుకున్నారా. జలుబుకు కొన్న మాత్ర, నిద్రకు కొన్న మాత్ర కూడా కారణం కావచ్చు. షుగరు 70 కంటే తక్కువ ఉండి, మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి.

ఫోన్‌లో ఎలా చెప్పాలో కూడా నేర్పాలి. ‘మామ్మగారికి బాగోలేదండీ’ అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పించండి: ‘82 ఏళ్ల మామ్మగారు, షుగరు ఉంది. నిన్న రాత్రి దాకా బాగా మాట్లాడారు. ఈ రోజు 6 గంటల నుంచి పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నారు. జ్వరం 99.6, మామూలుగా 97.4 ఉంటుంది. షుగరు 140. రాత్రి నుంచి డైపరు తడవలేదు. నీళ్లు ఇవ్వడం ఆపాను, పక్కకు తిప్పి పడుకోబెట్టాను.’ ఇందులో ‘మామూలుగా’ అనే మాటే ముఖ్యం. పెద్దవాళ్లలో 100 దాటకపోయినా, తమ మామూలు అంకె కంటే 2 డిగ్రీలు పెరిగితే జ్వరం కిందే లెక్క. అందుకే ఏ ఇంటికి వెళ్లినా మొదటి మూడు రోజులు మామూలు అంకెలు రాసి పెట్టుకోవాలి: జ్వరం, బీపీ, బరువు, రోజుకు ఎంత నడుస్తారు, ఎవరెవర్ని గుర్తుపడతారు. బరువు నెలలో 5 శాతం తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, అది కూడా ఫోన్ చేయాల్సిన విషయమే.

మతిమరుపు ఉన్నవాళ్లకు ఏయే భాషలు వచ్చో మొదటి రోజే ఇంటివాళ్లను అడగండి. జబ్బు ముదిరేకొద్దీ చాలామంది చిన్ననాటి భాషలోకి వెళ్లిపోతారు. హైదరాబాద్ లాంటి ఊళ్లో అది ఉర్దూ కావచ్చు, మరాఠీ కావచ్చు. చదువురాని పెద్దవాళ్లకు, రాయమని చదవమని అడిగే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి వచ్చిన మార్కులను బట్టి ఏదో తేల్చేయడం కూడా తప్పు.

లేపడం, నడిపించడం, పడిపోతే

మంచం మీంచి ఒక్కసారిగా లేపొద్దు. అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, కళ్లు తిరుగుతున్నాయా అని అడిగి, అప్పుడు. అనుమానం ఉంటే 5 నిమిషాలు పడుకున్నాక బీపీ, నిలబడ్డ 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పాలి. వీల్‌చైర్‌ను బలమైన కాలు వైపు, మంచానికి కొద్దిగా ఏటవాలుగా పెట్టి, బ్రేకులు వేసి, కాళ్ల పలకలు మడిచి, నడుము బెల్టు పట్టుకుని లేపాలి. చంకల్లో చేతులు వేసి ఎత్తితే పేషెంట్ భుజమూ పోతుంది, ఎత్తినవాళ్ల నడుమూ పోతుంది.

పడిపోతే వెంటనే లేపి కూర్చోబెట్టడం మనందరి స్వభావం. ఆపుకోవాలి. కాలు పొట్టిగా కనపడి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగిందనుకుని, కదపకుండా 108కు చేయాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ల తలకు దెబ్బ తగిలితే, బాగానే మాట్లాడుతున్నా హాస్పిటల్‌కు వెళ్లాల్సిందే.

బీపీ చూసేటప్పుడు లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చేతికి పట్టీ కట్టకూడదు.

మాత్రలు

మింగలేకపోతున్నారని అన్ని మాత్రలూ కలిపి నూరి జావలో కలిపేయడం చాలా ఇళ్లలో ఉంది. స్ట్రిప్ మీద ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉంటే ఆ మాత్ర రోజంతా కొద్దికొద్దిగా కరగాలి. నూరితే రోజు మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. కడుపులో కరగకుండా పైపూత ఉన్న మాత్రలనూ నూరకూడదు, నూరితే ఆ పూత పోతుంది. ఏది నూరవచ్చో ఫార్మసిస్టును అడిగి, ఇంటి మందుల చార్టు మీద రాయించుకోవాలి. మందుల షాపు కంపెనీ మార్చి ఇస్తే మాత్ర రంగు మారుతుంది, పాతదీ కొత్తదీ రెండూ వేసేసే పొరపాటు అక్కడ జరుగుతుంది. రంగును బట్టి కాదు, పేరు చదివి ఇవ్వాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాఫీకి కనీసం అరగంట ముందు. వారానికోసారి వేసే ఎముకల మాత్ర గ్లాసు నిండా నీళ్లతో, వేశాక అరగంట పడుకోకుండా.

పిలుపు, పరదా, ఫోను

‘ఏం తాతా’ అని కొత్త మనిషి పిలిస్తే, 40 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషికి ఎలా ఉంటుంది? ఆయన మాస్టారు. ఎలా పిలవాలో వాళ్లనే అడగాలి: మాస్టారూ, పెద్దమ్మగారూ, మామ్మగారూ, ఏదైనా సరే, ‘మీరు’ తప్పదు. డైపరు మార్చేటప్పుడు తలుపు వేయడం, తుడిచే భాగం తప్ప మిగతాది దుప్పటితో కప్పి ఉంచడం, ఎదురుగా ఫోన్‌లో మాట్లాడకపోవడం, పేషెంట్ ఫోటో ఎవరికీ పంపకపోవడం. వీటిని మర్యాద పాఠంగా వేరే చెప్పకండి, ప్రతి పనిలో ఒక మెట్టుగా కలిపి పరీక్షించండి. చేతులు మంచానికి కట్టేయడం ఏ కేర్‌టేకరూ సొంతంగా చేయకూడదు. ఇంట్లో పెద్దవాళ్లను కొడుతున్నారనో, తిండి పెట్టడం లేదనో కనపడితే సూపర్‌వైజరుకు చెప్పాలి. పెద్దవాళ్లకు సాయం చేసే 14567 ఎల్డర్‌లైన్ నంబరు అందరి ఫోన్లలోనూ ఉండాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది, 60 ఏళ్లు దాటినవాళ్లందరికీ వర్తిస్తుంది. చూసుకోవాల్సినవాళ్లు పెద్దవాళ్లను వదిలేస్తే జైలు శిక్ష దాకా ఉంది.

పరీక్ష

ఆరు మజిలీలు పెట్టండి, ఒక్కొక్కటి 10 నిమిషాలు: పక్క తిప్పడం, వీల్‌చైర్‌లోకి దింపడం, తినిపించడం, బీపీ, జ్వరం చూసి రాయడం, స్ట్రిప్పులు చదివి పూట మాత్రలు తీయడం, ‘నిన్నటిలా లేరు’ ఫోను. నేర్పిన మనిషి పరీక్షించకూడదు, వేరే నర్సు ఉండాలి. ప్రతి మజిలీకి మెట్ల జాబితా రాసిపెట్టి, చేశారా లేదా అని మాత్రమే టిక్ పెట్టాలి. ‘బాగానే చేసింది’ అనే గడి ఉండొద్దు.

కొన్ని తప్పులు జరిగితే మిగతావన్నీ బాగున్నా ఫెయిలే: బ్రేకు వేయకుండా లేపడం, పడుకున్న మనిషి నోట్లో ఆహారం పెట్టడం, చేతులు కడగకుండా మొదలుపెట్టడం, చూడని అంకె రాయడం, మూడో గడి పని చేయడానికి ఒప్పుకోవడం. పరీక్ష మధ్యలో ఒకరు ఇంటివాళ్లలా వచ్చి ‘కాస్త ఈ ఇంజెక్షన్ చేసెయ్యమ్మా’ అని అడగాలి. ఫెయిలైన మజిలీని మళ్లీ నేర్పి, మూడు రోజులకు మళ్లీ పెట్టండి. రెండోసారీ రాకపోతే ఆ పని ఉన్న ఇంటికి పంపకండి.

కేర్‌టేకర్‌గా చేరి చదువు కొనసాగించాలనుకునే వాళ్లకు నర్సింగ్, ఫిజియోథెరపీ దారులున్నాయి. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకు వార్డు, ఓపీ ఉండాలి. మీ జిల్లాలో ఎక్కడున్నాయో తెలుసుకుని, శిక్షణలో ఒక రోజు అక్కడికి తీసుకెళ్లేందుకు సూపరింటెండెంట్‌ను అడగండి.

పంపాక

మొదటి మూడు డ్యూటీలు అనుభవమున్న మనిషితో కలిసి చేయాలి. 7వ రోజు, 30వ రోజు, 90వ రోజు సూపర్‌వైజరు ఇంటికి వెళ్లి, చెప్పకుండా రెండు పనులు చేయించి చూడాలి, పేషెంట్ నడుం, మడమలు తన కళ్లతో చూడాలి.

పక్క తిప్పిన చార్టు చదవడం ఒక నేర్పు. రాత్రి 10, 12, 2, 4, 6 అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే ఒత్తిడితో ఉంటే అవి పొద్దున కూర్చుని రాసినవి. అప్పుడు ఆ అమ్మాయిని తిట్టే ముందు డ్యూటీ పట్టిక చూడండి. 24 గంటల డ్యూటీకి ఒక్క మనిషినే పెట్టి, రాత్రి 2 గంటలకోసారి లేవమనడం జరిగే పని కాదు. ఏ మనిషైనా నిద్రపోతుంది, నిద్రపోవాలి. ఆ చార్టులో అబద్ధం రాయించింది మీ పట్టికే. మంచాన పడ్డ పేషెంట్ ఉన్న ఇంటికి 12 గంటల చొప్పున ఇద్దర్ని ఇవ్వండి. కుదరకపోతే రాత్రి తిప్పాల్సిన వేళలు, ఎవరు లేవాలి అన్నది నర్సు, ఇంటివాళ్లు, కేర్‌టేకరు ముగ్గురూ కూర్చుని ఒప్పందం రాసుకుని, చార్టు మీద ఆ పేర్లే ముద్రించండి.